ఒక్క కొరుకు కొరికి వెళ్ళండి!

ఆటగాణ్ణి ఊళ్లో రెండు నెలలకు మించి ఉంచడం మహాపాపం!

ఈ మాట నేను కోపంతో అనడం లేదు. మా షిమ్‌కెంట్ ఊరి బాస్కెట్‌బాల్ హాల్లో ఇరవై రెండేళ్లు మైకు పట్టుకుని ఆటగాళ్ల పేర్లు అరిచినవాణ్ణి. ఈ మధ్య తీరిక బాగా దొరికింది. ఎందుకు దొరికిందో తర్వాత చెబుతాను. తీరిగ్గా కూర్చుని, చల్లగా ఆలోచిస్తే తేలిన సత్యం ఇది.

మా జట్టు పేరు కర్లిగాష్. కర్లిగాష్ అంటే చలికి ఎగిరిపోయి, వసంతం రాగానే పాత చూరు కిందికే వచ్చి గూడు కట్టుకునే చిన్న పిట్ట. బయటి దేశం నుంచి తెచ్చుకునే ఆటగాణ్ణి ఇక్కడ లెజియనేర్ అంటాం. మాకు దొరికేవాళ్లంతా అమెరికావాళ్లే. మా క్లబ్బు డైరెక్టర్ తోక్తార్‌బెక్ అసానోవిచ్ గారిది శుభ్రమైన పద్ధతి. పెరుగునీ లెజియనేర్‌నీ పులిసిపోకముందే మార్చెయ్యాలంటారు. ఎంత గొప్ప మాట!

లాభాలు మీరే చూడండి. మా పిల్లలకు అమెరికా పటం కంఠతా వచ్చేసింది. ఒహాయో ఎక్కడ? మోకాలు నొప్పని అక్టోబరులో పంపేసినతని రాష్ట్రం పక్కన. జార్జియా? కోచ్ కంటే పొడుగ్గా ఉన్నాడని పంపేసినతని రాష్ట్రం కింద. ఏ బడిలో చెబుతారండీ ఇంత చదువు?

హాలు ముందున్న పెద్ద బోర్డు సంగతో? కొత్తవాడు రాగానే పాతవాడి మొహం మీద కొత్త మొహం అంటిస్తారు. ఇప్పుడది పరుపంత మందమైంది. గాలివాన వస్తే బస్టాపులో జనం దాని వెనకే దాక్కుంటారు. మొన్న పైకాగితం కొంచెం ఊడితే ఒకడి కళ్లు, ఇంకొకడి గడ్డం, మూడోవాడి పళ్లు కలిసి కనిపించాయి. అంత అందగాడు మా జట్టులో ఎన్నడూ ఆడలేదు!

దుబాసీ నూర్లాన్‌కు ఇంగ్లీషులో మూడే వాక్యాలు వచ్చు. "స్వాగతం", "మోకాలు ఎలా ఉంది?", "డైరెక్టర్ గారు మీకు శుభప్రయాణం చెప్పమన్నారు." నాలుగో వాక్యం అవసరం ఇంతవరకూ పడలేదు.

నష్టపోయింది గొర్రెలు మాత్రమే. వచ్చిన అతిథికి గొర్రె తలకాయ ముందు పెట్టి మర్యాద చెయ్యకపోతే మా పరువేం కాను? లెజియనేర్ మారినప్పుడల్లా ఒక తలకాయ. మా చుట్టుపక్కల గొర్రెలు పొడవాటి కాంట్రాక్టుల కోసం మొక్కుకుంటున్నాయని వినికిడి.

ఇంత చక్కటి పద్ధతికి ఒక్క మనిషి అడ్డం పడింది. ఉల్బోసిన్ అపా. లెజియనేర్లు దిగే ఇంటి కింది అంతస్తులో ఉంటుంది, వాళ్లకు వంట చేసి పెడుతుంది. అపా అంటే పెద్దామె. ఊళ్లో డైరెక్టర్ గారితో సహా అందరికీ అపాయే.

మా ఆచారం మీకు తెలిసే ఉంటుంది. దూరప్రయాణం వెళ్లేవాడు గుమ్మం దాటేముందు నాన్ రొట్టెను ఒక్క కొరుకు కొరకాలి. మిగతాది గోడకు తగిలిస్తారు. గోడ మీద అతని రొట్టె ఉన్నంతకాలం అతనికి ఇంటికి రావలసిన బాకీ ఉన్నట్టు. తిరిగొచ్చి తినేస్తే తీరినట్టు. అపా వంటింటి గోడ మీద కొరికిన నాన్లు వరసగా వేలాడుతున్నాయి. తిరిగొచ్చి తిన్నవాడు ఒక్కడూ లేడు. ఒకతనైతే పాపం, మర్యాద అనుకుని నాన్ మొత్తం అక్కడే తినేసి, చేతులు దులుపుకుని, నవ్వుతూ కారెక్కాడు. అపా రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

"మొత్తం తినేశాడు మెయిర్‌హాన్, ఒక్క తునక మిగల్చలేదు! ఇక వాడికి మనతో ఏం పని?" అని నా మీద పడి ఏడ్చింది. రొట్టె తిన్నది నేనైనట్టు!

ఇలా ఉండగా నవంబరులో కెల్విన్ ఓగిల్స్‌బీ వచ్చాడు. వయసు ముప్ఫై రెండు. పదేళ్లలో తొమ్మిది దేశాలు తిరిగాడు. వాళ్ల నాయనమ్మ ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అని అడగదట, "ఇవాళ ఏ దేశంరా?" అంటుందట. అతనికి ఒకటే కోరిక. ఒక్కసారి, ఒకే ఊళ్లో, సీజన్ మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా ఉండాలని.

చూశారా, మనిషికి ఎలాంటి దురాశలు పుడతాయో!

వచ్చిన వారానికే అపాకు ఉల్లిపాయలు తరిగిపెట్టడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి సంతలో మా భాషలో బేరాలాడాడు. ఊరు ఊరంతా కెల్విన్‌జాన్ అని ముద్దుగా పిలిచింది. జట్టు వరసగా ఏడు ఆటలు గెలిచింది. ప్రమాదం ముదిరిపోతోందని డైరెక్టర్ గారు గ్రహించారు. జనవరిలో కెల్విన్‌కు ఫోన్‌లో సందేశం వచ్చింది: "మీ సేవలకు ధన్యవాదాలు." కింద ఒక పువ్వు బొమ్మ.

అతను సంచీ భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చేసరికి నేను అక్కడే టీ తాగుతున్నాను. అపా నాన్ అందించింది.

"కొరుకు, బాలం," అంది. బాలం అంటే నా బిడ్డా అని. "వెళ్తున్నావుగా."

"నేను వెళ్ళట్లేదు అపా. పంపుతున్నారు."

"రొట్టెకా తేడా తెలీదులే. కొరుకు."

అతను గోడ వంక చూశాడు. "వీళ్లలో ఎవరొచ్చారు?"

"వస్తారు."

"ఎవరొచ్చారని అడిగా."

అపా టీ గిన్నె కడగడానికి అటు తిరిగింది. కెల్విన్ నాన్ అంచున ఎలుక కొరికినట్టు ఇంత కొరికాడు. "ఎక్కువ మిగలనీ అపా. తిరిగొచ్చేసరికి ఆకలిగా ఉంటుంది," అన్నాడు. మేకు అతనే కొట్టుకుని, రొట్టె అతనే తగిలించుకుని వెళ్లాడు. నేను చల్లారిపోయిన టీని ఊదుకుంటూ తాగాను.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఉత్తరాది జట్టు తుల్పర్ మా మీద ఆడడానికి వచ్చింది. బస్సులోంచి అందరికంటే చివర దిగినవాడు ఎవరనుకున్నారు? కెల్విన్! వాళ్ల చొక్కా వేసుకుని!

ఆట మొదలైంది. నేను చదువుకున్నవాణ్ణి, నియమాలు తెలిసినవాణ్ణి. ఎదుటి జట్టు వాడు బుట్టలో వేస్తే పేరు నీరసంగా చదవాలి, సంతాపసభలోలాగ. అతను మొదటి బంతి హాలు మధ్యనుంచి విసిరాడు. అది బుట్ట వలను మాత్రమే తాకి పడింది. నా నోరు నా మాట వినలేదు.

"మూడు పాయింట్లు! మ... న... కెల్విన్‌జాన్!"

మైకులో! మొత్తం హాలుకి! జనం ఒక్క ఉదుటున లేచారు. ముసలివాళ్లు టోపీలు ఎగరేశారు. ఆ తర్వాత అతను వేసిన ప్రతి బంతికీ మా ఊరు సొంత జట్టును మరిచి ఈలలు వేసి చప్పట్లు కొట్టింది. మా కోచ్ కూడా రెండుసార్లు కొట్టి, మూడోసారి చేతులు జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అంత ఆనందంగా మేమెప్పుడూ ఓడిపోలేదు! మర్నాడే మైకు నా చేతిలోంచి పోయింది. నా తీరిక సంగతి ఇదండీ.

ఆట అవగానే కెల్విన్ అపా వంటింటికి పరుగెత్తాడు. వీధిలో తుల్పర్ బస్సు హారన్ కొడుతూనే ఉంది. గోడ మీది నాన్ దించాడు. రాయి! టేబుల్‌కేసి కొడితే టేబుల్ సొట్టపోయింది. పాలటీలో ముంచాడు, నానబెట్టాడు, నమిలాడు.

"అపా, పన్ను కదిలింది."

"కదిలితే కదిలింది. తిను!" అంది అపా, ఏడుస్తూ, నవ్వుతూ, అతని వీపు మీద చరుస్తూ. "ఒకడొచ్చాడు! చూశావా మెయిర్‌హాన్, ఒకడొచ్చాడు!"

ఆఖరి తునక దాకా తిన్నాడు. అపా వెంటనే కొత్త నాన్ తీసింది. బస్సు మళ్లీ హారన్ కొట్టింది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఈసారి మన చొక్కాలో రా, బాలం."

"అది నా చేతిలో ఉందా అపా?" అని, మళ్లీ ఎలుక కొరుకు కొరికాడు.

కాబట్టి పాఠకులారా, ఒప్పుకోండి. డైరెక్టర్ గారు అతన్ని తరిమెయ్యకపోతే తిరిగొచ్చేవాడా? ఆ గోడ మీది రొట్టె తీరేదా? నా మైకు పోకపోతే ఈ వ్యాసం మీకు దక్కేదా? అంతా ఆయన చలవే. మంచివాళ్లను తొందరగా మార్చడంలోనే ఊరికి మేలుందని ఇప్పుడు అపా కూడా నమ్ముతోంది.

అందుకే ఈ వారం తోక్తార్‌బెక్ అసానోవిచ్ గారి కోసం ప్రత్యేకంగా తందూరు వెలిగించింది. నువ్వులు చల్లి, బండిచక్రమంత నాన్ కాల్చింది. దాన్ని క్లబ్బు ఆఫీసుకు మొయ్యడం నా వంతు. వేడిగా ఉంది, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంది.

అయ్యా, కొరికి మాకు మిగల్చక్కర్లేదు. మొత్తం మీరే తినెయ్యండి.