పుచ్చుకునే ఫోన్లు

"మన టవర్లు అలిసిపోయాయి. ఇకమీదట ప్రజలే టవర్లై నిలబడాలి!" అని మా మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆయన కారు డ్రైవర్ని కాబట్టి, నేను అందరికంటే కాస్త ముందే మొదలుపెట్టాను.

పథకం పేరు 'ఇచ్చిపుచ్చుకో'. ఒక ఫోను టవరు నుంచి డేటా దింపుకుంటుంది. చుట్టుపక్కల ఫోన్లు టవరును విసిగించకుండా దాని దగ్గరే పుచ్చుకుంటాయి. ఆలోచన తనదే అయినా, ఇంత గొప్పదని మంత్రిగారు చెప్పేదాకా తెలియలేదని ఇంజనీరుగారు వినయంగా ఒప్పుకున్నారు.

ఆ పూట నా భార్యకు నొప్పులు. ఆస్పత్రి రెండు వీధుల అవతలే. సెలవడిగితే, "కబురు ఫోన్లో వస్తుంది కదయ్యా! ఇన్ని ఫోన్ల మధ్య నీకు దిగులేంటి?" అని మంత్రిగారు ధైర్యం చెప్పారు.

ఆయన బటన్ నొక్కారు. అందరం ఫోన్లు పైకెత్తాం. తెరల మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏమైందయ్యా?"

"అందరూ పుచ్చుకోడానికే పెట్టుకున్నారు సార్," అన్నాడు ఇంజనీరు. "ఇచ్చేవాళ్లు లేరు."

"మన పార్టీ కార్యదర్శి ఇస్తాడు!"

"నాకు బ్యాటరీ తక్కువ సార్. పక్కాయన పెద్దవారు, ఆయనిస్తే బావుంటుంది."

పక్కాయన తన పక్కాయన్ని చూపించాడు. ఆ మర్యాద వరుసలన్నీ తిరిగి వేదికెక్కింది.

"పోనీ తమరి ఫోను సార్?" అన్నాడు ఇంజనీరు.

"నాది ప్రభుత్వ రహస్యం."

"నాది ఇస్తాను సార్," అన్నాను ఆత్రంగా. నా ఫోను టవరుతో కలిస్తేనే ఆస్పత్రి కబురు అందేది.

"డ్రైవరు దగ్గర పుచ్చుకుంటే పార్టీ పరువేం కాను?" అని కార్యదర్శి నా ఫోను లాక్కుని ఆపేశాడు.

గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి మా బావమరిది చెప్పుల్లేకుండా రొప్పుతూ దూసుకొచ్చాడు.

"బావా! ఆడపిల్ల! అక్క బాగానే ఉంది. ఎంత కొట్టినా నీ ఫోను కలవకపోతే పరిగెత్తుకొచ్చా!"

నాకు నోట మాట రాలేదు. మంత్రిగారికి వచ్చింది. మైకందుకున్నారు.

"చూశారా! టవరు మీద వెంట్రుకంత బరువు పడకుండా కబురు చేరింది!"

"లోడు సున్నా సార్," అని ఇంజనీరు ధ్రువీకరించాడు.

టీవీ కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. మంత్రిగారు మా బావమరిదిని వేదిక మీదికి పిలిచి గట్టిగా కౌగిలించుకున్నారు. కౌగిలి వదలకుండానే, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, అతని చెవిలో అన్నారు:

"నాయనా, అదే ఊపులో మా ఇంటిదాకా ఓ పరుగు తియ్యి. టీవీ పెట్టమని మా ఆవిడకి చెప్పు. ఇందాకట్నుంచీ ఫోను కలిసి చావట్లేదు."