సూపర్‌వైజరు గారి కడుపు విషయం

ఆ రోజు పొద్దున సూపర్‌వైజరు గారు పెట్టుకున్న పని ఒక్కటే. మేనేజరు మేడంను ఒక పూట సెలవడిగి, డాక్టరుకు కడుపు చూపించుకోవాలి. అడగాలన్న తలపుకే కడుపులో మెలితిప్పింది. చొక్కా తొడుక్కున్నాక ఒకసారి, బూట్లు వేసుకున్నాక ఇంకోసారి బాత్రూముకు పరుగెత్తారు.

ఆయన పనిచేసేది లిఫ్టుల కంపెనీలో, ఫిర్యాదుల విభాగం. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ముందు దేవుణ్ణి తలుచుకుని, తర్వాత ఈయనకు ఫోన్ చేస్తారు. దేవుణ్ణి తిట్టలేరు కాబట్టి ఆ వాటా కూడా ఈయనకే వడ్డిస్తారు. కొన్ని నెలలుగా ఫోన్ మోగితే చాలు, చెవులకన్నా ముందు ఆయన పేగులు ఉలిక్కిపడుతున్నాయి. తిన్నది ఒంటబట్టదు, నిద్ర పట్టదు. సెలవు రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. భార్యకు చెప్పింది మాత్రం కడుపు సంగతే. గోడ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"మేడం, మధ్యాహ్నం కొంచెం పర్మిషన్ కావాలండీ. ఇంట్లో... కడుపు విషయం... డాక్టర్ దగ్గరికి..." అంటూ నీళ్ళు నమిలారు.

మేడం కంప్యూటర్ మీంచి తలెత్తింది. 'ఇంట్లో' అంటే ఈయన భార్య అనీ, 'కడుపు' అంటే కడుపుతో ఉండటమే అనీ ఆవిడకు అర్థమైపోయింది.

"ఈ వయసులోనా!"

"వయసుతో పనిలేదట మేడం. టెన్షన్ వల్ల వస్తుందట."

"టెన్షన్ వల్లా! ఎన్నాళ్ళయింది?"

"ఏడో నెల నడుస్తోందండీ."

"ఏడో నెలా! ఇన్నాళ్ళూ చెప్పలేదేమిటండీ?"

"సిగ్గేసింది మేడం. రాత్రయితే లోపల ఒకటే కదలిక."

"కదులుతుంది మరి!" అంటూ మేడం అప్పటికప్పుడు వారం రోజులు సెలవిచ్చి, ఆఫీసు కారు కూడా పురమాయించింది.

ఇంత దయ ఎందుకో సూపర్‌వైజరు గారికి సీటు దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు. మేడం గది తలుపు దగ్గర అంతా విన్న పక్కసీటాయన లేచి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "గురువుగారూ, గట్టివారే! మాకు మాటమాత్రం చెప్పలేదు!"

అయ్యో అనుకుని మేడం గదివైపు రెండడుగులు వేశారో లేదో, ఫోన్ మోగింది. ఎవరో లిఫ్టులోంచి అరుస్తున్నారు. మెకానిక్కును పంపించి, బాత్రూముకు వెళ్ళి తిరిగొచ్చేసరికి కబురు ఆఫీసంతా పాకింది. పక్కసీటాయన తన భార్యకు ఆసుపత్రి పేరుతో సహా చెప్పేశాడు. ఆవిడా, సూపర్‌వైజరు గారి అత్తగారూ ఒకే వీధి.

కారు ఇంటికి వెళ్ళి భార్యను ఎక్కించుకుంది. డ్రైవరు మేడం చెప్పిన ఆసుపత్రికే పోనిచ్చాడు.

"ఏమండీ, మనం వెళ్ళాల్సింది అటు కదా?" అంది భార్య.

"చెప్తాను," అన్నారాయన. చెప్పలేదు.

అది కాన్పుల ఆసుపత్రి. మేడం ముందే ఫోన్ చేసి ఉంచింది. కారు దిగీ దిగగానే నర్సు భార్యను చక్రాల కుర్చీలో కూలదేసింది. "ఏడో నెలలో ఇలా నడవచ్చామ్మా?"

"ఏడో నెలేమిటి? ఎవరికి?" అంటుండగానే అత్తగారు టాక్సీ దిగి, బట్టల సంచీతో పరుగెత్తుకొచ్చింది. "కన్నతల్లికి కూడా చెప్పకూడదుటే! అల్లుడుగారూ, మీకైనా ఉండక్కర్లా!"

ఆ గోలకు డాక్టరమ్మే బయటికొచ్చింది. "అసలు కడుపెవరికి?"

"నాకండీ," అన్నారు సూపర్‌వైజరు గారు.

హాలంతా గొల్లుమంది. భార్య కూడా నవ్వింది. ఆయనా నవ్వబోయారు. నవ్వు సగంలో ఏడుపైపోయింది.

డాక్టరమ్మ ముగ్గురినీ తన గదిలో కూర్చోబెట్టింది. "నిద్రపడుతోందా అండీ?"

"లేదండీ. ఏదీ బాగుండట్లేదు. ఇంట్లో ఉన్నా గోడ చూస్తూ కూర్చుంటున్నాను. బతికి ఏం చేస్తున్నాననిపిస్తోంది."

భార్య నవ్వు ఆగిపోయింది. "నాతో ఒక్క ముక్క అనలేదేమండీ?"

"కడుపునొప్పంటే వాము నీళ్ళిస్తావు. దీనికేమిస్తావు?"

ఆవిడ ఆయన చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. అత్తగారు సంచీ చడీచప్పుడు లేకుండా కింద పెట్టింది.

"కడుపూ మెదడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయండీ," అంది డాక్టరమ్మ. "నెలల తరబడి హడలిపోతే పేగులు తిరగబడతాయి. పేగులు బాగోకపోతే మనసూ కుంగొచ్చు. ఏది ముందో చెప్పడం కష్టం, అందుకే రెండూ చూపించుకోవాలి. మనసు డాక్టరు పక్క భవనంలోనే ఉన్నారు. ఇప్పుడే వెళ్ళండి. పేగుల డాక్టరుకు నేను చీటీ రాస్తాను."

సూపర్‌వైజరు గారు భార్య చెయ్యి పట్టుకునే పక్క భవనంలో రెండో అంతస్తుకు మెట్లెక్కారు. లిఫ్టుంది గానీ, వాటి సంగతి ఆయనకు తెలుసు. అక్కడ మనసు డాక్టరు గది ముందు, మూలకుర్చీలో ఒకావిడ పత్రికను ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పత్రిక తలకిందులుగా ఉంది.

"మేడం?"

పత్రిక దిగింది. "నేను... మీటింగుకొచ్చాను," అంది మేడం. కడుపు బాధ భార్యకు కాదు, తనకేనని ఆయన చెప్పాక గొంతు తగ్గించింది. "నాకూ కడుపేనండీ. మిమ్మల్ని లిఫ్టులో ఉన్నవాళ్ళే తిడతారు. నన్ను బయట ఉన్నవాళ్ళు కూడా తిడతారు. మీ ఇంట్లో శుభవార్త అనగానే, మా ఆఫీసులో ఒక్కరైనా సుఖంగా ఉన్నారని తెగ సంతోషించానండీ."

"క్షమించండి మేడం," అన్నారు సూపర్‌వైజరు గారు.

లోపల్నుంచి గంట మోగింది. మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండని ఇద్దరూ మర్యాదకు పోతుండగా, వెనకాల కూర్చున్న మనిషి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.