ఉర్హో బన్ను వద్దన్న రోజు

ఆ బుధవారం ఉర్హో వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆరోగ్య కేంద్రంలో పరీక్షకు రక్తం ఇచ్చి, పదింటికల్లా ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరడం. భార్య కారినాతో చేపల గాలాలు కొనుక్కొస్తానని చెప్పాడు.

బీపీ మాత్రలు వాడేవాళ్లకు షుగరు వచ్చే అవకాశం ఎంతో లెక్కేసుకోమని నర్సు సైమి ఒక కాగితం పంపింది. వయసుకు ఇన్ని, నడుము కొలతకు ఇన్ని, బీపీ మాత్రకు ఇన్ని, కదలకుండా కూర్చున్నందుకు ఇన్ని అని మార్కులు. బడిలో ఏనాడూ మార్కులు రాని ఉర్హోకు ఇక్కడ పన్నెండు వచ్చిపడ్డాయి. పదిహేను వస్తే, రెండు చేతులా కర్రలు పొడుచుకుంటూ నడిచే సైమి కర్రల నడక బృందంలో చేరాలి. అంతకన్నా ఘోరం, కారినా శనివారం ఏలకుల బన్నులు చేయడం మానేస్తుంది. వారమంతా అతను బతికేది ఆ బన్నుల కోసమే.

మిగిలింది ఒక్క ప్రశ్న. చిన్నాన్నకు గానీ ఆయన పిల్లలకు గానీ షుగరు ఉందా? ఉంటే మరో మూడు మార్కులు. చిన్నాన్న పోయి పదేళ్లయింది. అడగాలంటే ఆయన కూతురు ట్యూనె అక్కే దిక్కు. అయితే ఆవిడకు అసలు సంగతి చెప్పడమంటే ఊరంతటికీ చెప్పడమే.

దారిలో ఆవిడ ఇంటికి వెళ్లేసరికి బల్ల మీద కాఫీ, బన్నులు సిద్ధం.

"కూర్చోరా, ఇప్పుడే తీశాను, వేడివేడిగా ఉన్నాయి."

"వద్దక్కా," అన్నాడు. పరగడుపున ఇవ్వాల్సిన రక్తమాయె!

ఆ ఊళ్లో మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం మరీ మర్యాద, మూడోసారి తినడం ధర్మం. ఉర్హో మూడోసారీ వద్దన్నాడు. అతని యాభై ఎనిమిదేళ్ల జీవితంలో అలా జరగలేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"అక్కా, చిన్నాన్న చివర్లో దేనితో బాధపడ్డాడు?"

"దేనితోనేంట్రా! రాయిలా ఉండేవాడు. మంచు మీద జారిపడి పోయాడు. ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే. ఎప్పటికైనా అందరం పోవాల్సినవాళ్లమే కదా," అని మాట మార్చబోయి బయటపడ్డాడు.

అతను గేటు దాటకముందే ఆవిడ ఫోను అందుకుంది. "కారినా, మీ ఆయన బన్ను వద్దన్నాడే!"

"ఎన్నోది?"

"మొదటిదే!"

కారినా కుర్చీలో కూలబడింది. గాలాల కొట్టుకు ఫోను చేస్తే ఉర్హో రాలేదన్నారు. అతను పాడే చర్చి పాటల బృందానికి కబురు పెట్టింది. వాళ్లలో ఒకాయన అతను ఆరోగ్య కేంద్రం మెట్లెక్కడం చూశాడట. ఇంకేముంది!

అక్కడ సైమి రక్తం తీసి, దూది అద్ది, "మీ చిన్నాన్నగారి వైపు లేదంటున్నారు కదా, అయితే పన్నెండే. గట్టెక్కారు," అంది. ఉర్హో ప్రాణం లేచొచ్చింది. అంతలో తలుపు తెరుచుకుంది. ఏడుస్తూ కారినా, మంచు బూట్లతో పదకొండుమంది గాయకులు, వాళ్ల వెనక బుట్టతో ట్యూనె.

"పోతే పోయావు గానీ, ఆకలితో పోకురా!"

"నాకేం కాలేదక్కా! షుగరు పరీక్ష, అంతే!"

కారినా కళ్లు తుడుచుకుని ఆ కాగితం అందుకుంది. "ఇవేనా గాలాలు?"

ట్యూనె నవ్వి నవ్వి ఆయాసపడి మంచినీళ్లు అడిగింది. ఒక గ్లాసు, రెండు, మూడు. సైమి ఆవిడ వైపు పరీక్షగా చూసింది.

"ఈ దాహం ఎప్పటినుంచండీ?"

"క్రిస్మస్ నుంచి. ఎప్పుడూ పొయ్యి దగ్గరే కదమ్మా ఉంటాను!"

వేలి మీద గుచ్చి చూస్తే అంకె చాలా పెద్దది. మర్నాడు ఉర్హో తోడు రాగా రక్తం తీసి చూశాక షుగరేనని ఖాయమైంది. ట్యూనె ముఖం పాలిపోయింది. ఉర్హోకు బన్నులూ మార్కులూ అన్నీ మరుపున పడ్డాయి. అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"తొందరగా తెలిసింది, అదృష్టం. నేనున్నానుగా, భయపడకక్కా."

"ఉన్నారు సరే," అంటూ సైమి అతని కాగితం బయటికి తీసింది. "చిన్నాన్న కూతురికి షుగరు. మూడు కలపాలి ఉర్హో గారూ. పదిహేను."

శనివారం కర్రల నడకలో అందరికన్నా ముందు ట్యూనె, అందరికన్నా వెనక ఉర్హో. సగం దారిలో ఆవిడ బుట్ట తెరిచింది. నల్ల రొట్టె, దోసకాయ ముక్కలు.

"తీసుకోరా."

వద్దంటే ఏమవుతుందో ఆ ఊళ్లో అందరికన్నా బాగా తెలిసినవాడు కనుక, ఉర్హో మొదటిసారికే రెండు ముక్కలు తీసుకున్నాడు.