మంత్రిగారి వేణ్ణీళ్ల ఒట్టు

అక్షరదోషాలుంటే మన్నించాలి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని రాసేసరికి పొయ్యి మీద అన్నం మాడుతోంది. అయినా మా మంత్రిగారి గొప్పతనం పత్రికల్లో సగమే వచ్చింది కాబట్టి, మిగతా సగం నేను రాయక తప్పడం లేదు.

మా మంత్రిగారు వంటగ్యాస్ శాఖ చూస్తారు. మా ఆయన బతికున్నన్నాళ్లూ వారింట్లో తోటమాలి. ఇప్పుడు నేను అక్కడే అంట్లు తోముకుంటూ, వారి ఈతకొలను వెనకున్న గదిలో ఉంటున్నాను.

పోయిన వానాకాలం మంత్రిగారు మైకు ముందు ఒట్టు పెట్టారు. "ఈ నియోజకవర్గంలో చివరి కట్టెల పొయ్యి ఆరేదాకా నేను వేణ్ణీళ్ల స్నానం చెయ్యను." ఇంటికొకటే గ్యాస్ కనెక్షన్ అనీ, రెండోది తనకైనా సరే ఇవ్వొద్దనీ కూడా అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కట్టెల పొగకు నా కళ్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి గనక, చూసినవాళ్లు ఆనందబాష్పాలనుకున్నారు. గ్యాస్ పొయ్యికి నేను అర్జీ పెట్టుకుని అప్పటికి రెండేళ్లయింది.

చలి మొదలయ్యాక మంత్రిగారు మూడు రోజులు చన్నీళ్లు పోసుకున్నారు. నాలుగో రోజు పోసుకోలేదు. అయిదో రోజూ పోసుకోలేదు. ఆరో రోజు మీటింగులో పక్కవాళ్లు కుర్చీలు జరుపుకున్నారట. అప్పుడు పీఏగారు బాగా ఆలోచించి, ఒట్టు స్నానానికే గాని ఈతకు లేదు కదా అన్నారు. అంత చురుకైన బుర్ర ఆయనది.

కొలనుకు గ్యాస్ హీటర్ వచ్చింది. నలుగురు మోస్తే కదిలింది. ఫిట్టర్ కొలను పొడవూ వెడల్పూ కొలిచి, ఇంత నీటిని కాచాలంటే వంటింటి పైపు చాలదనీ, లావుపాటి లైనుతో వేరే కనెక్షన్ కావాలనీ తేల్చాడు.

"ఇంటికొకటేనయ్యా," అన్నారు మంత్రిగారు బాధగా. రూలంటే ఆయనకంత గౌరవం.

పీఏగారు నా గది వైపు చూశారు. "అదీ ఇల్లే కదండీ."

మర్నాటికి నా గదికి వేరే డోరు నంబరు వచ్చింది. ఆ వెనకే కాగితం వచ్చింది. నీ గ్యాస్ శాంక్షనైంది, సంతకం పెట్టమన్నారు పీఏగారు. వేలిముద్ర కాకుండా సంతకం అడిగిన మొదటి కాగితం అది. చదివి పెడతానన్నాను. మొదటి పంక్తిలో నా పేరుంటే రెండుసార్లు చదువుకున్నాను. రెండో పంక్తిలోకి దిగేసరికి ఆయన వాచీ చూసుకున్నారు.

"కింద పెట్టు తోటమ్మా. మిగతాదంతా నీ గురించే."

పెట్టాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

హీటర్‌ను నా గది గోడ పక్కన పెట్టమన్నారు. ఫిట్టర్ ఒప్పుకోలేదు. దాని పొగగొట్టం దగ్గర కిటికీ ఉండకూడదట, విషపుగాలి లోపలికి పోతుందట. "అయితే కిటికీ తీసేస్తే సరి," అన్నారు పీఏగారు. సాయంత్రానికి ఇటుకలు పేర్చి మూసేశారు. ఒక ముసలిదాని ప్రాణం గురించి ఇంత శ్రద్ధ తీసుకునే ఆఫీసు మరొకటి ఉంటుందా? ఫిట్టర్ మాత్రం నా వైపు ఒకసారి చూసి టేపు చుట్టుకున్నాడు.

హీటర్ గర్రుమని అంటుకుంది. మరి నా పొయ్యి ఎప్పుడొస్తుందని పీఏగారిని అడిగాను.

"వచ్చేసింది కదమ్మా. ఆ మండేది నీ పేరు మీదే."

నేను దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. "గిన్నె ఎక్కడ పెట్టాలి బాబూ?"

"పెట్టే చోటు లేదు పెద్దమ్మా," అన్నాడు ఫిట్టర్, నేల చూస్తూ.

పోయిన వారం గ్యాస్ శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చి నా తలుపుకు 'పొగలేని ఇల్లు' అని రేకు కొట్టాడు. కొట్టాక లోపలికి తొంగిచూశాడు. రిజిస్టరు చూశాడు. మళ్లీ లోపలికి చూసి దగ్గాడు.

"ఇదేంటమ్మా?"

"పొయ్యి బాబూ."

"రికార్డులో లేదే."

"అన్నం దాని మీదే ఉడుకుతోంది."

ఆయన కళ్లు తుడుచుకుంటూ ఏదో రాసి, సంతకం పెట్టమన్నాడు. ఈసారి నేను వదల్లేదు. రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, ఆయన ఎంత తొందరపెట్టినా చివరిదాకా చదివాను. 'నియోజకవర్గంలో చివరి కట్టెల పొయ్యి ఆరినది.' ఒక్క అక్షరదోషం లేదు. నేను సంతకం పెట్టనన్నాను.

"పోనీ, వేలిముద్ర వెయ్యి," అన్నాడు.

అదీ వెయ్యలేదు. అయినా మర్నాడు సభ బ్రహ్మాండంగా జరిగింది. ఒట్టు నెరవేరిందని మంత్రిగారు గద్గద స్వరంతో చెప్పారు. మీరంతా చదివిందే. పత్రికల్లో రానిదొక్కటి. ఆ సాయంత్రం ఆయన మొదటిసారిగా సబ్బుతో కొలనులోకి దిగారు.

ఇట్లు,
తోటమ్మ, అరవై ఏడేళ్లు. ప్రస్తుత నివాసం మంత్రిగారి ఈతకొలను వెనక 'పొగలేని ఇల్లు'. కిటికీ లేదు. పొగ వస్తున్న తలుపే గుర్తు.