బిట్టు వీడియోకు మంచి ఘడియ

శ్రీలతకు అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే: దుబాయి నుంచి వచ్చిన రోజున భర్త భూమేశ్ కన్నకొడుకును గుర్తుపట్టకపోతే? బిట్టు పొత్తిళ్లలో ఉండగా వెళ్లిన మనిషి. ఇప్పుడు వాడు వాకిలంతా ఉరుకుతున్నాడు. ఫోన్‌లో చూపిద్దామంటే, తెర కనబడగానే నాయనమ్మ కొంగులో దూరతాడు.

అందుకే ఆ శుక్రవారం పొద్దున, బిట్టు పుట్టువెంట్రుకలు తీయించిన వీడియో మొత్తం పంపాలనుకుంది. వాట్సాప్‌లో పంపితే మొహం మసకబారుతుందని ఎవరో చెప్పారు. శ్రీలతది పదో తరగతి పూర్తికాకుండానే ఆగిన చదువు, అంతకుమించి తెలియదు. ఫోటో స్టూడియో పండరి లాప్‌టాప్ పట్టుకుని ఇంటికే వచ్చి, దాన్ని ఆమె ఫోన్ నెట్‌కు కలిపాడు.

"గింత పెద్ద ఫైలు పంపనీకి మూడు తొవ్వలున్నయక్కా. ఒకటి మస్తు స్పీడు. గని కొన్ని దినాలైతే లింకు దానంతటదే మాయమైతది."

"పిల్లగాడు మాయమైతడా? వద్దు," అంది అత్త భూమవ్వ.

"రెండోది ముక్కలు జేసి పంపి, ఆడ మళ్ల అతుకుతది."

"నీ నోట్ల మన్నువడ! నా మనుమని ముక్కలు జేస్తవురా?"

"మూడోది నిమ్మళంగ, ఒక్క తీరుగ పోతది. నడుమ ఆగితే మాత్రం మళ్ల మొదటికెళ్లే పంపాలె."

"గదే మంచిది," అని భూమవ్వ తీర్పు చెప్పేసింది.

వీడియో ముప్పాతిక దాకా వెళ్లింది. పొయ్యి మీది పాలను చూసినట్టు శ్రీలత రెప్ప వేయకుండా తెరను చూస్తోంది. అంతలో భూమవ్వ కన్ను గోడమీది క్యాలెండర్ మీద పడింది.

"ఓయమ్మో, రాహుకాలం నడుస్తుంది! పిల్లగాన్ని గిప్పుడు గడప దాటిస్తరా? ఆపుండ్రి!"

"ఆపితే మొదటికెళ్లి, అవ్వా!"

"ఇంక మంచిది. సక్కటి ఘడియల బయలెల్లుతడు."

పండరి శ్రీలత వైపు చూశాడు. అప్పటికే ఆమెకూ భయం పట్టుకుంది. "ఆపెయ్ అన్నా," అంది.

రాహుకాలం దాటినా భూమవ్వ వదల్లేదు. బిట్టుకు దిష్టి తీసి, నోట్లో ఇంత పెరుగూ చక్కెరా పెట్టి, పక్కింటికి కేకేసింది. "రోజారాణీ, బిట్టు పయనమైతుండు బిడ్డా! నీళ్ల బిందె పట్టుకొని ఎదురు రా!"

రోజారాణి బిందెతో వచ్చింది. పిల్లాడి నుదుట బొట్టు చూసింది, శ్రీలత కళ్లలో నీళ్లు చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడం ఆమె మర్యాద. ఇంట్లోకి వెళ్లగానే, దుబాయిలో భూమేశ్ రూములోనే ఉండే తమ్ముడికి ఫోన్ చేయడం ఆమె అలవాటు.

ఇక్కడ పండరి మొదటి నుంచి మళ్లీ పంపుతున్న వీడియో చివరికి వచ్చిందో లేదో, శ్రీలత ఫోన్ మోగింది.

"ఎత్తకక్కా! నెట్ తెగుతది, ఇంకింతే ఉంది!" అని పండరి అరిచాడు.

మగడి పేరు కనబడితే ఆమె చెయ్యి ఆగుతుందా? ఎత్తింది. తెర నిండా భూమేశ్ ఏడుపు మొహం.

"పిల్లగాన్ని ఏడికి పంపుతున్నవే? నేను సచ్చిన్ననుకున్నవా? నా కొడుకేడి?"

"గీడనే ఉన్నడు, సూడు!" బిట్టును ఎత్తి తెర ముందు పెట్టింది.

"గీ గుండు పిల్లగాడెవడే? నా బిట్టును సూపెట్టుమంటే!"

భూమేశ్ ఇంకా విమానమైనా ఎక్కలేదు, శ్రీలత భయపడ్డదే అయింది.

కానీ బిట్టు ఈసారి కొంగులో దూరలేదు. ఏడుస్తున్న ఆ మనిషిని కాసేపు చూశాడు. అమ్మ తనకు చేసినట్టే, చిన్న అరచేత్తో తెర మీది కళ్లు తుడిచాడు.

"బాపూ, ఏడ్వకు."

దుబాయిలో భూమేశ్ ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

"వీడు... బిట్టేనా?"

"మరెవలు? ఎంటికలు తీపిస్తున్నమని చెప్పలే?" అంటూ శ్రీలత తానూ ఏడ్చింది.

"మళ్ల మొదటికెళ్లి," అన్నాడు పండరి లాప్‌టాప్ చూసి. ఎవరూ వినలేదు.

మీలో ఎవరైనా దుబాయి వెళుతుంటే, భూమేశ్ ఎలా ఉన్నాడో ఓసారి చూసి రండి. ఫోన్ పెట్టేటప్పటికి ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. వెళ్లే ముందు శ్రీలత వాళ్ల ఊరు బాన్సువాడలో దిగితే, మామిడికాయ తొక్కుతో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇస్తారు.