గృహిణీరత్న

రాళ్ళాయన నగల అంగడి వెనక గదిలో ముప్పైయేళ్ళకు పైగా రాళ్ళు పొదిగాడు. ఆ గదిలో ఎవరూ రత్నం అనరు. ఎర్రరాయి, పచ్చరాయి, తెల్లరాయి, అంతే. అదే రాయి తెర దాటి ముందుగదిలోకి వెళితే రత్నమవుతుంది. కొన్నవాళ్ళు పదేళ్ళకు అమ్మడానికి తెస్తే మళ్ళీ రాయి. యజమాని దాన్ని పెరికి పక్కన పెట్టి బంగారం మాత్రమే తూచేవాడు.

కళ్ళు మసకబారి ఇంట్లో కూర్చున్నాక ఆయనకు రత్నం అనే మాటతో పని పడింది.

ఒకరోజు భార్య అన్నం వడ్డిస్తూ, ఆడపిల్లల హాస్టల్లో వంటశాల చూసుకోవడానికి మనిషి కావాలట, ఉండడానికి గది ఇస్తారట, ఆదివారాలు వచ్చి పోతానంది.

“నీకు యాభైఆరేళ్ళు” అన్నాడు.

“వంటకు వయసేమిటని మీరేగా అన్నారు, మొన్న నేను జ్వరంతో పడుకుంటే.”

వద్దనడానికి భయం వేసింది. ఇదివరకు ఒకసారి వద్దంటే ఆవిడ పదకొండు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన కనిపెట్టింది అయిదో రోజున. అదింకా పెద్ద గొడవైంది.

నువ్వు లేకపోతే నాకు తోచదు అంటే సరిపోయేది. ఆ ముక్క ముప్పైనాలుగేళ్ళలో ఆయన నోట్లోంచి రాలేదు. ఇప్పుడు మాత్రం ఎలా వస్తుంది? అంగడిలో బేరం కుదరక లేచి వెళ్ళిపోయేవాళ్ళతో యజమాని రెండుసార్లు రత్నం అనేవాడు. వాళ్ళు మళ్ళీ కూర్చునేవారు. ఆయనకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

పక్కవీధిలో ఆయన చెల్లెలి మొగుడికి అచ్చు యంత్రం ఉంది. పని తగ్గి ఒక సంఘం పెట్టుకుని, దానికి తనే అధ్యక్షుడై, బిరుదులు పంచుతున్నాడు. పటం కట్టిన ఖర్చు ఇస్తే చాలు. కాలి ఆనెలు కోసేవాడికి వైద్యరత్న ఇచ్చాడు. సైకిలు గంటలు అమ్మేవాడికి గానరత్న ఇచ్చాడు. అందరూ బిరుదుల బావ అంటారు.

రాళ్ళాయన వెళ్ళి తన భార్యకు గృహిణీరత్న కావాలనగానే బావ కలం తీసి, ఏమేం చేసిందో చెప్పమన్నాడు.

రాళ్ళాయన చెప్పడం మొదలుపెట్టాడు. ఇంటినిండా జనం ఉన్నన్నాళ్ళూ పదిమందికి తక్కువ కాకుండా వండింది. ఒక్క పూట నాగా లేదు. గుప్పిట్లోకి తీసుకుని బియ్యం ఎంతున్నాయో చెప్పగలదు. అమ్మ ఆరేళ్ళు మంచంలో ఉంటే రెండు పూటలా పక్క మార్చింది.

“ఎవరు, నువ్వా?” అన్నాడు బావ.

“నేనెందుకు మారుస్తాను? అదే.”

“మరి నువ్వేం చేశావు?”

“అంగడికి వెళ్ళాను.”

ఆ అమ్మ కూడా కోడల్ని రత్నం అనేది, పాలు పొంగి పొయ్యి పాడైన రోజున. అది మాత్రం రాయించలేదు.

కాగితం నిండిపోయింది. బావ చిన్న అక్షరాలు వాడాల్సి వచ్చింది. ఇంతమందిని రత్నాలు చేశాను గానీ పని చేసిన రత్నం ఇదే మొదలన్నాడు. రాళ్ళాయన నవ్వాడు గానీ ఆ నవ్వు సరిగా రాలేదు.

సంఘం గదిలో పన్నెండు కుర్చీలు వేశారు. పటం చేతికిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివింది. ఆవిడ కళ్ళు తడుస్తాయని ఆయన ఎదురు చూశాడు. ఆవిడ పటం కింది ముద్రను వేలితో తడిమింది.

“అన్నయ్యగారూ, ఈ ముద్ర చెల్లుతుందా?”

బావ నిటారుగా నిలబడి, ఎక్కడికి తీసుకెళ్ళినా చెల్లుతుందన్నాడు.

“ఇందులో ఉన్నదంతా నిజమేనా?”

ఈసారి రాళ్ళాయన లేచాడు. “అక్షరం పొల్లు పోదు. నేనే చెప్పి రాయించాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. అవి ఆగాక ఆవిడ చెప్పింది. “హాస్టల్‌వాళ్ళు అనుభవం ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. ముప్పైనాలుగేళ్ళు ఎవరి దగ్గర చేశానని చెప్పను, ఎవరు రాసిస్తారు అని పది రోజులుగా నాలో నేనే మథనపడుతున్నాను. మీ పుణ్యమా అని తీరింది.”

మళ్ళీ చప్పట్లు మోగాయి. చేతులు అప్పటికే లేచి ఉన్నాయి గనక ఆయన కూడా కొట్టాడు.

దారిలో ఆయన గొణిగాడు. “రత్నం అన్నాను. చాలదా?”

“మీ అంగడిలో రత్నానికి ధర కూడా చెబుతారుగా. నా ధర ఇన్నాళ్ళకు హాస్టల్‌వాళ్ళు చెప్పారు. వెళ్ళి చూస్తాను.”

సోమవారం వెళ్ళింది. మొదటి ఆదివారం రాలేదు. హాస్టల్లో ఇద్దరు పిల్లలకు జ్వరమట.

ఆయన వండుకున్న అన్నం ఒక పూట పలుకు, ఒక పూట జావ. పదో రోజున హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఒళ్ళు తేలికపడ్డట్టుంది. చిక్కిపోయారే అంది. ఇంటికి రమ్మని అడగడానికే వచ్చాడు ఆయన. తీరా నోరు తెరిస్తే, బియ్యంలో ఎన్ని నీళ్ళు పోయాలని అడిగాడు.

ఆవిడ లోపల తోమని గిన్నెల కుప్ప చూపించింది.

“గిన్నెలు తోమడానికి మనిషి కావాలి. రెండు పూటలా భోజనం ఇక్కడే.”

ఆయన ముఖం విప్పారింది. “ఎవర్ని అడగాలి?”

“నన్నే.”

“అయితే చేరిపోతాను.”

“అనుభవం ఉన్నట్టు కాగితం కావాలి.”

“నువ్వే రాసివ్వు. ఇన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉన్నాం కదే.”

ఆవిడ నిజంగానే ఆలోచించింది.

“చూడనిది చూశానని ఎలా రాయనండీ” అని, కూరగాయల బండి వస్తే వెనక గేటు తీయడానికి వెళ్ళింది.