గదికో వెలుగు

"కళ్ళు మంట పుడతాయి అన్నయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"మొన్న పురుగులొస్తాయన్నావు. నిన్న తలనొప్పి అన్నావు. ఇవాళ కళ్ళ మంటా? రేపటికి ఇంకేం మిగిలింది, మోకాళ్ళ నొప్పులా?"

అన్నాచెల్లెళ్ళ మధ్య ఈ వాదం మొదలై అప్పటికి మూడు రోజులు. బల్ల మీద కాఫీ కప్పుల మధ్య అట్టపెట్టె, పెట్టెలో ఎనిమిది ఎల్ఈడీ బల్బులు. అన్నగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తక్కెడ ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగితే చాలు, ఎంతటి షాపువాడికైనా చెమటలు పట్టించే మనిషి. అటువంటి మనిషి ఇంట్లో ఇన్నాళ్ళూ గుండు బల్బులు వెలగడం ఆయనకే నామోషీగా ఉంది.

"ఆ బల్బు మీద చెయ్యి పెట్టి చూడు, కాలుతుంది. అంటే ఏమిటన్నమాట? వెలుగు పిసరంత, వేడి బోలెడంత. మనం డబ్బు పోసేది దీపానికా, కుంపటికా?"

"కుంపటైనా ఇంటికి నిండుగా ఉంటుంది."

"వినండి! దీపం గురించి మాట్లాడితే నిండుదనం అంటుంది," అని ఆయన భార్య వైపు తిరిగాడు. స్కూలుకి వెళ్ళే తొందరలో ఉన్న వదినగారు, "మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు చెప్పండి, నాకు టైమైపోతోంది," అని చెప్పులేసుకుంది.

చెల్లెలు పెద్ద ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. పాతికేళ్ళుగా "నమస్కారం, ఎవరు కావాలండీ?" అని లోకాన్ని అడుగుతూనే ఉంది. ఆమెకి ఎవరు కావాలో అడిగినవాళ్ళు లేరు. పెళ్ళి మాట ఎప్పుడో పాతబడిపోయింది. అన్నగారింట్లో, హాల్లో కిటికీ పక్కన మంచం ఆమెది. మేనకోడలు పుట్టిన దగ్గర్నుంచీ అందరికీ ఆమె 'అత్త' అయిపోయింది కాబట్టి మనమూ అలాగే అనుకుందాం.

పురుగులూ, తలనొప్పీ, కళ్ళ మంటా అన్నీ వంకలే. అసలు సంగతి వేరు. ఆ ఇంట్లో చీకటి పడ్డాక ఒక్క బల్బే వెలగాలని అన్నగారి శాసనం. ఆ ఒక్కటీ హాల్లో. ఏ గదిలోనైనా ఇంకోటి వెలిగిందా, "అక్కడెవరికి పెళ్ళి?" అని కేక. దాంతో డిగ్రీ చదివే మేనకోడలు పుస్తకాలతో, వదినగారు దిద్దాల్సిన నోటుబుక్కుల కట్టతో, అన్నగారు పేపరుతో హాల్లోకి చేరేవాళ్ళు. కాళ్ళు చాపుకునే చోటు లేక తిట్టుకునేవాళ్ళు. తిట్టుకుంటూ నవ్వుకునేవాళ్ళు. సొంత గది లేని అత్త ఎవరి గదికీ వెళ్ళనక్కర్లేదు. అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఈ మాట పైకి అనాలంటే మాత్రం ఆమెకి నోరు రాలేదు. మనుషులు కావాలి అనడం కంటే కళ్ళు మంట అనడం తేలిక.

ఆ ఆదివారం అన్నగారు స్టూలెక్కి ఎనిమిది బల్బులూ స్వయంగా బిగించాడు. దిగి, చేతులు దులుపుకుని, జీవితంలో మొదటిసారి ఉదారంగా ప్రకటించాడు: "ఇకనుంచి ఎవరి గదిలో వాళ్ళు ఎంతసేపైనా వేసుకోండి. నేను ఒక్క మాట అంటే అడగండి!"

ఎవరూ అడగలేదు. ఏడయ్యేసరికి మూడు గదుల తలుపులూ మూసుకున్నాయి. తలుపుల కింద నుంచి తెల్లటి వెలుగు గీతలు మాత్రం హాల్లోకి వచ్చాయి. కొత్త బల్బు పుణ్యమా అని అత్తకి ఖాళీ కుర్చీలు మునుపటి కంటే స్పష్టంగా కనిపించాయి.

అలా పది రోజులు గడిచాయి. అత్త నాలుగింటికి డ్యూటీ నుంచి వస్తుంది. మిగతావాళ్ళు వచ్చేసరికి ఆరు దాటుతుంది. పదకొండో రోజు ఆ రెండు గంటల్లో మేనకోడలి గదిలో బూజు దులుపుదామని స్టూలెక్కింది. బూజు దులపడానికే ఎక్కింది, అందులో అబద్ధం లేదు. చెయ్యి బల్బుకి తగిలింది. కాస్త లోపలికి నొక్కి, కాస్త తిప్పి వదిలేస్తే, చూడ్డానికి బల్బు ఉన్నచోటే ఉంటుంది, వెలగడం మాత్రం మానేస్తుంది. ఆ సంగతి ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిశాక ఊరుకోలేకపోయింది.

సాయంత్రం, "అత్తా, నా గదిలో లైటు పోయింది, కాస్త జరుగు," అంటూ మేనకోడలు పుస్తకాలతో వచ్చి మంచం మీద కూలబడింది. కాలేజీలో ఎవరో లెక్చరరు విగ్గు ఫ్యానుగాలికి లేచిన కథ చెప్పింది. అత్త కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. మర్నాడు అన్నగారు ఆ బల్బు సరిచేశాడు. ఆ మర్నాడు వదినగారి గదిలో బల్బు వెలగలేదు. రెండు రోజులాగి అన్నగారి గదిలోది.

వారంలో మూడు బల్బులు! అన్నగారిలోని ఇన్‌స్పెక్టరు లేచి కూర్చున్నాడు. ఎనిమిది బల్బులూ విప్పి పెట్టెలో సర్ది, చంకన పెట్టుకుని బల్బుల షాపుకి వెళ్ళాడు. ఆయన మెట్లెక్కుతూంటేనే పక్కనున్న కిరాణా షాపు షట్టరు సగం దిగింది.

షాపాయన ఒక్కో బల్బూ హోల్డరులో పెట్టి చూపించాడు. ఎనిమిదీ పెళ్ళిపందిరిలా వెలిగాయి.

"బల్బులు బంగారంలా ఉన్నాయి సార్. మీ ఇంట్లోనే ఏదో ఉంది."

"మా ఇంట్లో ఏముంటుందయ్యా?"

"అది ఎలక్ట్రీషియన్ని అడగాలి సార్. నేను బల్బులమ్మేవాడిని."

ఎలక్ట్రీషియను వచ్చాడు. ప్రతి హోల్డరూ విప్పాడు, బిగించాడు. వైరింగులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అతను మేనకోడలి గదిలో స్టూలు మీద మసక మసగ్గా ఉన్న చిన్న పాదాల గుర్తులు చూశాడు. గుమ్మంలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటున్న అత్త పాదాలూ చూశాడు. అతనికీ ఇంట్లో ఒక అక్క ఉంది.

"వైబ్రేషన్ సార్," అన్నాడు గొంతు సవరించుకుని. "వీధిలో సిమెంటు లారీలు తిరుగుతున్నాయి కదా. ఇల్లు అదురుతుంది, బల్బు వదులవుతుంది."

జాలిపడి ఆడిన ఆ చిన్న అబద్ధం ఆ సాయంత్రానికే వీధిన పడింది. అన్నగారు మూడు పేజీల అర్జీ రాశాడు: ఈ వీధిలో లారీలు నిషేధించాలని. భార్యని ఇంటింటికీ తిప్పి ఇరవై రెండు సంతకాలు పెట్టించాడు. దాంతో మూలమీది సిమెంటు షాపువాళ్ళు ఆయనతో మాట్లాడటం మానేశారు. ఎదురింటి పెద్దాయన సంతకం పెట్టడమే కాక, తన పన్ను కదలడం కూడా లారీల వల్లేనని కింద రాశాడు. మున్సిపాలిటీ నుంచి జవాబొచ్చింది: 'రుజువులతో రండి.'

"రుజువా? రుజువు నాకు నేర్పుతారా!" అన్నాడు అన్నగారు.

కాటాలకి ఎవరూ వేలు పెట్టకుండా సీలు వేయడం ఆయన వృత్తి. సీళ్ళు నొక్కే పటకారు, వాడుక తప్పిన పాతది ఒకటి ఇంట్లోనే ఉంది. ప్రతి బల్బుకీ హోల్డరుకీ కలిపి సన్నతీగ చుట్టి, రెండు కొసలూ సీసపు బిళ్ళలో దూర్చి, నొక్కి ముద్ర వేశాడు. "తీగ మెలిపడితే లారీల పని. మెలి ఎంతుందో కొలిచి పంపిస్తా. చూద్దాం ఏమంటారో!"

"ఏమండీ, ఇక మిగిలింది నేనే, నాకూ ఓ బిళ్ళ వేసెయ్యండి," అంది వదినగారు.

సీళ్ళు పడ్డాక బల్బులు బుద్ధిగా వెలిగాయి. తలుపులు మూసుకున్నాయి. అత్త మళ్ళీ కుర్చీలు లెక్కపెట్టుకుంది. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు గోళ్ళ కత్తెర తీసుకుని మేనకోడలి గదిలో స్టూలెక్కింది. తీగ కత్తిరించి, పని కానిచ్చి, మళ్ళీ మెలేసి పెట్టేద్దామనుకుంది. కత్తిరించగానే సీసపు బిళ్ళ టంగుమని కిందపడి, దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది. చీపురుపుల్ల పెట్టి గెలికినా రాలేదు. ఇంతలో వీధి గేటు చప్పుడైంది.

అన్నగారు తెగిన తీగని చేతిభూతద్దంతో పరీక్షించాడు. హాల్లో అందరినీ వరసగా నిలబెట్టాడు.

"ఇది మెలిపడలేదు, తెంచారు. లారీ కత్తెర పట్టదు. ముద్ర తెంచడం ఎంత నేరమో తెలుసా? షాపువాడైతే కోర్టుకెక్కించేవాణ్ణి." ఆయన చూపు కూతురి మీద ఆగింది. "నీ గదిలోనే ఎందుకు మొదలైంది ఇదంతా? పుస్తకం తియ్యకుండా అత్తతో కబుర్లు చెప్పుకోవడానికి మొదట బయటికొచ్చింది నువ్వేగా?"

"నాన్నా, నాకేం తెలీదు! ప్రామిస్!"

"వచ్చేనెల కాలేజీ టూరు లేదు. అంతే."

పిల్ల ముఖం పాలిపోయింది. ఆ టూరు కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. బ్యాగు అప్పుడే సగం సర్దుకుంది. ఏడవలేదు, అత్త వైపు చూసింది. ఏమీ తెలియకుండానే, చిన్నప్పటి అలవాటు కొద్దీ చూసింది.

"నేనే," అంది అత్త.

"నువ్వేంటి?"

"నేనే తెంచాను. అంతకుముందు తిప్పిందీ నేనే, మూడుసార్లు. ఇవాళ్టిదీ కలిపితే నాలుగు. దాన్ని వదిలెయ్ అన్నయ్యా."

అన్నగారి చేతిలో భూతద్దం అలాగే ఉండిపోయింది. "ఎందుకు? కళ్ళ మంటా?"

పురుగులు, తలనొప్పి, మోకాళ్ళు. చెప్పడానికి వంకలు ఇంకా ఉన్నాయి. అత్తకి ఎందుకో ఓపిక లేకపోయింది.

"సాయంత్రమైతే ఎవరూ ఇటు రావట్లేదు," అంది నేల చూస్తూ. "లైటు లేకపోతే వస్తారు కదా అని."

వదినగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. మేనకోడలు వచ్చి అత్త భుజానికి తల ఆనించింది. అన్నగారు గొంతు సవరించుకున్నాడు. ఆయన నిజంగానే కరిగిపోయాడు, కూతురిని టూరుకి వెళ్ళమన్నాడు. అయితే కరిగినా సరే, ఏ పనైనా పద్ధతిగా చేయడమే తెలిసిన మనిషి ఆయన.

మర్నాడు గీతలు గీసిన రిజిస్టరొకటి బల్ల మీదికొచ్చింది. ప్రతి సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా కుటుంబ సభ్యులందరూ హాల్లో హాజరు. వచ్చిన వేళ, సంతకం. ఆలస్యమైతే కారణం.

మొదటి రోజు అందరూ ఏడుకి ముందే వచ్చి సంతకాలు పెట్టి కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు.

"ఊఁ, మాట్లాడుకోండి," అన్నాడు అన్నగారు.

"ఇవాళ ఎండ బాగా ఉంది," అంది వదినగారు.

"అవును."

"నిన్న కూడా ఉంది," అంది మేనకోడలు.

ఫోను ఒళ్ళో బోర్లించుకుని ఆ పిల్ల, దిద్దని నోటుబుక్కులు తలుచుకుంటూ వదినగారు, వాచీ చూసుకుంటూ అన్నగారు. ఎనిమిది కొట్టగానే ముగ్గురూ ఒక్కసారి లేచారు. ఒక్కొక్కరే వచ్చి, "వెళ్ళొస్తాం, విశ్రాంతి తీసుకో," అన్నట్టు అత్త భుజం తట్టి వెళ్ళారు.

అత్తకి ఈ కూర్చోవడం ఎక్కడో చూసినట్టనిపించింది. మూడో రోజుకి గుర్తొచ్చింది. ఆసుపత్రిలో విజిటింగ్ అవర్స్. బత్తాయిల సంచీ ఒళ్ళో పెట్టుకుని, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మాటలు అయిపోయి గోడగడియారం చూసే చుట్టాలు ఇలాగే ఉంటారు. తేడా ఒక్కటే. అక్కడ మంచం మీదివాళ్ళకి ఏదో ఒక రోగమైనా ఉంటుంది.

తొమ్మిది రోజులు ఓపిక పట్టింది. అంతవరకు ఒక్కరూ ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

పదో రోజు ఆదివారం. పొద్దున్న కాఫీల దగ్గర నలుగురూ ఉండగా, కప్పు కింద పెట్టి మెల్లగా చెప్పింది. "రేపట్నించి నేను సాయంత్రం డ్యూటీకి మారుతున్నా. రెండు నుంచి తొమ్మిది దాకా. నిన్న మా సూపర్‌వైజరుకి రాసిచ్చేశాను."

"ఇప్పుడెందుకమ్మా ఆ తిప్పలు?" అంది వదినగారు.

"ఇక్కడ నీకేం తక్కువైంది? అందరం వస్తూనే ఉన్నాంగా!" అన్నాడు అన్నగారు.

"వస్తున్నారు అన్నయ్యా. చాలా బాగా వస్తున్నారు." అత్త నవ్వింది. "సాయంత్రం మా టెలిఫోను బోర్డు దగ్గర ముగ్గురం కూర్చుంటాం. అక్కడా రిజిస్టరు ఉంది. సంతకం పెట్టాక నోరు మూయరు, అంతే తేడా."

మేనకోడలు కప్పు దించింది. "మరి ఏడింటికి మేం...?"

"నీ గదిలో చదువుకో తల్లీ. వెలుగు నిజంగానే బాగుంది. నేను ఊరికే మంట, మంట అన్నాను గానీ, ఒక్కరే కూర్చోడానికి అంతకంటే మంచి బల్బు ఉండదు."

ఆ మాట మీద ఎవరూ వెంటనే లేవలేదు. గడువు లేకుండా, సంతకం లేకుండా, చల్లారిపోయిన కాఫీల ముందు నలుగురూ అలాగే చాలాసేపు కూర్చున్నారు. చివరికి అన్నగారే లేచి రిజిస్టరు తెరిచాడు. స్కేలు పెట్టి, చెల్లెలి పేరుకి ఎదురుగా నెలాఖరు దాకా గీత గీసి, దాని మీద గుండ్రటి అక్షరాలతో 'ఆన్ డ్యూటీ' అని రాశాడు.